బారిస్టరు ప్రకాశము పంతులు

కృష్ణానదికి దక్షిణమున, గుంటూరు మొదలుకొని ఒంగోలు దాటువరకు నల్లరేగడి నేలలు పరచుకొని యున్నవి. ప్రత్తి విచ్చిన దినములలో ఆ చేలు తెల్లగాను, మిరప కోసిన దినములలో కల్లములు ఎఱ్ఱగాను కన్పట్టును. ఈ సీమలో ఒంగోలునకు కొన్ని క్రోసుల దూరమున నున్న వినోదరాయునిపాలెమను చిన్న పల్లెలో 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన టంగుటూరి ప్రకాశము జన్మించెను. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. నేడు ఆ గ్రామమున్న జిల్లాకు ఆయన పేరే పెట్టబడి యున్నది.

ఆంధ్రకేసరి అనగానే తుపాకుల యెదుట రొమ్ము చూపిన వీరుని రూపము మన కన్నులకు కట్టును. కాని ఆ సంఘటనకు పదునేడేండ్లకు ముందే, నల్లకోటు తొడిగికొని న్యాయస్థానములో ఆయన చూపిన ధైర్యమును ఎరిగినవారు తక్కువ. ఒక బారిస్టరు ఒక వ్యాజ్యమును చేపట్టుటలో ధైర్యమేమున్నదని విద్యార్థులు సందేహింపవచ్చును. అది తెలియవలెననిన ఆనాటి చట్టములను గూర్చి కొంత చెప్పవలెను. ముందుగా ఆయన బాల్యమును చూతము.

ప్రకాశమునకు పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి మరణించెను. ఆస్తిపాస్తులు లేవు. సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి, అచ్చట పూటకూళ్ళ యిల్లు నడపిరి. కచేరీ పనులమీద వచ్చువారికి, వ్యాజ్యములకై వచ్చు రైతులకు వండి వడ్డించి వచ్చిన డబ్బుతో బిడ్డలను పోషించిరి. మంచి కుటుంబమునకు చెందిన స్త్రీ పూటకూళ్ళ యిల్లు పెట్టుట ఆ రోజులలో చిన్నతనముగా నెంచబడెడిది. ఆమె లెక్కచేయలేదు. మిడిల్ స్కూలు పరీక్షకు మూడు రూపాయలు రుసుము కట్టవలసి వచ్చినప్పుడు అది ఎక్కడను పుట్టకపోగా, ఆమె తన పట్టుచీరను కుదువబెట్టి రూపాయలు తెచ్చి కుమారుని చేతిలో పెట్టిరని చెప్పుదురు.

బాలుడు చురుకైనవాడేగాని నెమ్మదియైనవాడు కాడు. కర్రసాము, అల్లరి, నాటకములు ఆతనికి ప్రీతిపాత్రములు. స్ఫురద్రూపి యగుటచేత నాటకములలో స్త్రీ వేషములు గూడ ధరించెడివాడు. ఆ మార్గమున ఎచ్చటికి పోయెడివాడో చెప్పలేము. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు ఆ పిల్లవానిలోని తెలివిని గుర్తించి, తన యింటివానివలె చేరదీసి, చదువు చెప్పించి, తాను రాజమహేంద్రవరమునకు వెళ్ళునపుడు వెంట తీసికొనిపోయెను. ఒంగోలులో ప్లీడర్ల దర్జాను, వారి మాటకు కచేరీలో గల విలువను చూచినది మొదలు ప్రకాశమునకు ఒకటే పట్టుదల. ప్లీడరు కావలెను. ఆ పట్టుదల ఫలించినది. మదరాసులో న్యాయశాస్త్రము చదివి, రాజమహేంద్రవరములో రెండవ తరగతి ప్లీడరుగా వృత్తి సాగించి, అనతికాలములోనే ధనమును, పేరును, వానితోపాటు శత్రువులను గూడ సంపాదించెను. ముప్పది రెండేండ్లయిన నిండకముందే ఆ పట్టణ పురపాలక సంఘమునకు అధ్యక్షుడయ్యెను.

రెండవ తరగతి ప్లీడరునకు హైకోర్టులో వాదించు అర్హత లేదు. ఆ కొరత ఆయనను బాధించినది. బారిస్టరు కావలెనని 1904లో ఇంగ్లండునకు బయలుదేరిరి. మద్యమాంసములు ముట్టనని తల్లికి మాట యిచ్చి ఓడ యెక్కిరి. లండనులో చదువుతోపాటు రాజకీయములను గూడ దగ్గరనుండి చూచిరి. దాదాభాయి నౌరోజీగారు పార్లమెంటు ఎన్నికలో నిలిచినప్పుడు ఆయన పక్షమున పనిచేసిరి. 1907లో ప్రశంసాపత్రముతో పరీక్ష నెగ్గి మదరాసు చేరి హైకోర్టులో వృత్తి మొదలుపెట్టిరి. అప్పటికి అచ్చటి బారిస్టర్లలో దొరలదే పైచేయి.

ఆ సంవత్సరమే వంగదేశమునుండి బిపిన్ చంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించి స్వరాజ్యమును గూర్చి ఉపన్యసించుచు మదరాసు వచ్చిరి. ఆయన సభకు అధ్యక్షత వహించుటకు పెద్దలు పలువురు జంకిరి. ప్రభుత్వమునకు కోపము వచ్చునేమోనను భయము. క్రొత్తగా వృత్తిలో దిగిన బారిస్టరునకు ఆ భయము మఱింత ఎక్కువగా నుండవలెను గదా! కాని ప్రకాశముగారు ముందుకు వచ్చి ఆ పీఠమున కూర్చుండిరి.

1908వ సంవత్సరము భారతదేశమున కల్లోలముతో గడచినది. దక్షిణమున తిరునల్వేలిలో వి. ఓ. చిదంబరము పిళ్ళెగారు స్వదేశీ ఓడల కంపెనీ నడపుచుండగా, ప్రభుత్వము వారిని నిర్బంధించినది. జనులు తిరుగబడగా కాల్పులు జరిగినవి. ఆ కాల్పులను ఖండించుచు బెజవాడనుండి వెలువడు స్వరాజ్య పత్రికలో ఒక వ్యాసము పడినది. దానికై సంపాదకులు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మూడేండ్లు కఠిన కారాగారము ననుభవించిరి. ఒక వ్యాసమునకు మూడేండ్లు! ఇక ఉత్తరమున, బీహారులోని ముజఫరుపురములో ఏప్రిల్ 30వ తేదీ రాత్రి ఖుదీరాం బోసు, ప్రఫుల్ల చాకీ అను యువకులు ఒక బండిపై బాంబు విసరిరి. వారు గురిపెట్టినది కింగ్స్‌ఫర్డ్ అను న్యాయాధికారికి. బండిలో నున్నది ఆయన కాదు. ఏ పాపము నెరుగని తల్లియు, కుమార్తెయు మరణించిరి. చాకీ ప్రాణము తీసికొనెను. పదునెనిమిదేండ్ల ఖుదీరాము ఆగస్టు 11వ తేదీన ఉరికంబ మెక్కెను.

బాంబు విసరిన నలువది దినములలోపల, 1908 జూన్ 8వ తేదీన, ప్రభుత్వము రెండు చట్టములను ఒక్కనాడే చేసినది. ఒకటి పత్రికల నోరు కట్టుటకు. రెండవది పేలుడు పదార్థముల చట్టము. మన కథకు ఈ రెండవదానితో సంబంధము గలదు.

అంతకుముందు చట్టములు లేకపోలేదు. 1878లో వచ్చిన ఆయుధముల చట్టము లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనరాదని భారతీయుల కాజ్ఞాపించినది. దొరలకు ఆ నిబంధన వర్తింపకుండుటను మనవారు గొప్ప అవమానముగా భావించిరి. 1884 నాటి చట్టము పేలుడు సరుకుల తయారీకి, నిలువకు, అమ్మకమునకు, రవాణాకు లైసెన్సులు ఏర్పరచినది. ఇది అవసరమైన చట్టమే. పల్నాటి రాతినేలలో బావి త్రవ్వువారికి, సున్నపురాతి గనులవారికి, కొండలు తొలిచి బాటలు వేయువారికి తుపాకిమందు లేనిదే పని సాగదు. ఆ సరుకు అజాగ్రత్తగా నిలువచేసిన ఊరికే ముప్పు.

1908 నాటి చట్టము అడిగిన ప్రశ్న వేరు. లైసెన్సు ఉన్నదా లేదా అనుటకంటె, నీ యొద్ద ఈ వస్తువు ఎందుకున్నది అని అది మనిషిని నిలదీసినది. ఇంగ్లండులో ఐర్లండు విప్లవకారులు డైనమైటు ప్రయోగించినప్పుడు 1883లో అచ్చటి పార్లమెంటు అత్యవసరముగా ఒక చట్టము చేసినది. దానినే మనదేశమునకు తగినట్లు దిద్దిరి. ప్రాణహాని కలుగునట్లు పేలుడు జరిపినవానికి యావజ్జీవ ద్వీపాంతరవాసము వఱకు శిక్ష. ఇందులో ఆక్షేపింపవలసిన దేమియు లేదు. చిక్కంతయు అయిదవ సెక్షనులో నున్నది. అనుమానము కలిగించు పరిస్థితులలో ఎవనియొద్దనైన పేలుడు పదార్థము ఉన్నట్లు తేలినయెడల, అది ధర్మసమ్మతమైన పనికొఱకే ఉన్నదని వాడే చూపవలెను. చూపలేనిచో పదునాలుగేండ్ల వఱకు ద్వీపాంతరవాసమో, అయిదేండ్ల వఱకు ఖైదో ప్రాప్తించును.

ఈ మాటలోని బరువును విద్యార్థులు గమనింపవలెను. సాధారణముగా న్యాయస్థానములో నేరము మోపినవాడే దానిని రుజువు చేయవలెను. ముద్దాయి మౌనముగా నిలుచుండవచ్చును. దొంగతనము చేయలేదని రుజువు చేయుమని మనము ఎవ్వరిని అడుగము. ఈ సెక్షను క్రింద మాత్రము, వస్తువు తెలిసియే ముద్దాయి స్వాధీనములో నుంచుకొనెననియు, అనుమానమునకు తగిన ఆధారమున్నదనియు ప్రాసిక్యూషను చూపినంతనే, బరువులో కొంత ముద్దాయి భుజముపైకి వచ్చును. పైగా చట్టములో పేలుడు పదార్థమను మాటకు అర్థము చాల విశాలము. తయారైన బాంబే కానక్కరలేదు. దానిని చేయుటకు ఉద్దేశించిన సరుకు, పనిముట్టు, యంత్రభాగము, అన్నియు అందులో చేరును. గంధకమునే తీసికొందము. తుపాకిమందులో అదియు నొక భాగము. అదే గంధకమును మిరపచేలలో బూడిద తెగులునకు మందుగా నేడు మన రైతులు వాడుచున్నారు. రైతు కొట్టులోని గంధకమునకు భయము లేదు. అనుమానితుని పెట్టెలోని గంధకమునకు జవాబు చెప్పవలెను. వస్తువు ఒక్కటే. చూచు కన్ను వేరు.

అయితే అటువంటి చట్టము ఉండనే కూడదందుమా? అట్లనుట తొందరపాటగును. బాంబు పేలిన తరువాత నేరము రుజువైన లాభమేమి? చచ్చినవారు తిరిగి రారు గదా. పేలకముందే పట్టుకొనవలెననిన స్వాధీనములో నుంచుకొనుటయే నేరము కావలెను. ఇదియు యుక్తమైన మాటయే. చట్టము చేసినవారు ఒక కట్టడిని గూడ పెట్టిరి. ప్రభుత్వపు అనుమతి లేనిదే ఏ న్యాయస్థానమును ఈ నేరమును విచారింపరాదు. ఒక పోలీసు జమాదారు పగతీర్చుకొనుటకు ఎవనినైన ఇందులో ఇరికింపకుండ ఈ నిబంధన కొంత అడ్డుపడును. కాని ప్రభుత్వమే భయపడియున్న సమయమున ఆ కట్టడి ఎంతవఱకు కాపాడును? అప్పుడు మిగులు రక్ష ఒక్కటే. ముద్దాయి ప్రక్కన నిలిచి, ప్రతి సాక్షిని ప్రశ్నించి, ప్రతి వస్తువునకు లెక్క చెప్పగల న్యాయవాది.

ఆ భయము ఎంత దూరము పోయెనో తిలకుగారి వ్యాజ్యము తెలుపుచున్నది. బాంబు సంఘటనలను గూర్చి కేసరి పత్రికలో వ్రాసిన వ్యాసములకై 1908లో బొంబాయి హైకోర్టులో ఆయనపై రాజద్రోహ విచారణ జరిగెను. ఆయన యింట సోదా చేసినప్పుడు పేలుడు పదార్థములను గూర్చిన రెండు పుస్తకముల పేర్లు వ్రాసిన ఒక కార్డు దొరకినది. పుస్తకములు కాదు, పేర్లు మాత్రమే! ప్రాసిక్యూషనువారు దానిని న్యాయస్థానమున ప్రవేశపెట్టిరి. క్రొత్త చట్టమును విమర్శించుటకై ఆ పదార్థములెట్టివో తెలిసికొనదలచి పేర్లు వ్రాసికొంటినని తిలకుగారు సమాధానము చెప్పిరి. పత్రికా సంపాదకునకు ఇంతకంటె సహజమైన కారణముండునా? ఆయనకు ఆరేండ్ల శిక్ష పడినది. మాండలే చెఱకు పంపిరి.

మరుసటి సంవత్సరము ఆ గాలి గుంటూరు మైదానమునే తాకినది. 1909లో తెనాలికి సమీపమున కంచర్లపాలెము వద్ద ఒక బాంబు పేలి, ఒక గ్రామస్థుడు మరణించెను. ఈ కేసు తెనాలి బాంబు కేసని చరిత్రలో ప్రసిద్ధి కెక్కినది. కాలువలు పాఱు చల్లని పల్లెసీమలో, వరిపొలముల నడుమ, అట్టి వస్తువు పేలునని ఎవ్వరు ఊహింపగలరు? ఎక్కడో వంగదేశములో జరుగుచున్నదని విన్నది తమ పొలిమేరలోనే జరుగగా జనులు దిగ్భ్రాంతులైరి. ఇచ్చటను చచ్చినది ఏ దొరయు కాడు. ఒక సామాన్యుడు. బాంబునకు పాలకుడు, పాలితుడు అను భేదము తెలియదు.

ఆ కాలమున కలకత్తాలో అలీపురము బాంబు కేసు నడచుచుండెను. అరవింద ఘోషుగారి పక్షమున చిత్తరంజన్ దాసుగారు వాదించి 1909లో ఆయనను విడిపించిరి. న్యాయవాది తలచుకొన్న ఏమి చేయగలడో దేశమంతయు చూచినది. దక్షిణాదిన అట్టి పరీక్ష రెండేండ్ల తరువాత వచ్చినది.

1911 జూన్ 17వ తేదీన తిరునల్వేలి కలెక్టరు ఆష్ దొర భార్యతో రైలులో ప్రయాణము చేయుచుండెను. మణియాచ్చి జంక్షనులో బండి ఆగియుండగా వాంచి అను యువకుడు పెట్టెలోనికి వచ్చి పిస్తోలుతో ఆయనను కాల్చిచంపి, పరుగున పోయి తన్ను తాను కాల్చుకొనెను. చిదంబరము పిళ్ళెగారి ఉద్యమమును అణచుటలో పాల్గొన్న అధికారి యని ఆష్‌పై కసి పెంచుకొనినవారు చాలమంది. వాంచి మరణించుటచే ఆ హత్య వెనుక ఎవరున్నారో కనిపెట్టుటకు పోలీసులు ఊరూర సోదాలు చేసిరి. ఫ్రెంచివారి పాలనలో నుండిన పుదుచ్చేరిమీదికి అనుమానము పోయెను. అచ్చట బ్రిటిషు ఆయుధ చట్టములు చెల్లవు. దేశము విడిచిన విప్లవకారులు పలువురు అచ్చటనే తలదాచుకొనియుండిరి. తుదకు పదునలుగురిపై కుట్ర అభియోగము మోపిరి. వారిలో ముఖ్యుడుగా నెంచబడిన నీలకంఠ బ్రహ్మచారికి అప్పటికి ఇరువది రెండేండ్లయిన నిండలేదు.

విచారణ మదరాసు హైకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ప్రత్యేక ధర్మాసనము ఎదుట జరిగెను. ప్రధాన న్యాయమూర్తి ఆర్నాల్డు వైటు, ఎయిలింగు, శంకరన్ నాయరు అను వారు ఆ మువ్వురు. శంకరన్ నాయరుగారు 1897లో అమరావతి కాంగ్రెసునకు అధ్యక్షత వహించినవారు. అది విదర్భలోని అమరావతి. కృష్ణాతీరమునందలి మన అమరావతి యని పొరబడరాదు.

కలెక్టరు హత్య! అదియు దొర హత్య! ముద్దాయిల తరఫున నిలిచిన న్యాయవాదిని దొరతనమువారు ఏ దృష్టితో చూతురో ఊహించుకొనవచ్చును. పైనుండి వచ్చు పెద్ద వ్యాజ్యములు ఆగిపోవచ్చును. న్యాయమూర్తులకు కన్నెఱ్ఱ కావచ్చును. పోలీసులు తన యింటిపైనను కన్ను వేయవచ్చును. ఈ సంగతులన్నియు ఎఱిగియు ప్రకాశముగారు ముద్దాయిల పక్షమున వాదించిన న్యాయవాదులలో చేరిరి. ఆయన అప్పటికి మదరాసులో నాలుగేండ్ల వృత్తి మాత్రము గలవారు. లా టైమ్సు అను న్యాయశాస్త్ర పత్రికను నడపుచుండిరి. ఆదాయము పెరుగుచున్నది. పోగొట్టుకొనుటకు చాల గలవాడు చూపిన తెగువకు ఒక విశేషమున్నది.

పిస్తోలు మార్గము ప్రకాశముగారిది కాదు. తరువాతి జీవితమంతయు దీనికి సాక్ష్యము. ముద్దాయిల తరఫున నిలుచుట వారి పనిని మెచ్చుకొనుట కాదు. ఈ భేదము నాటి అధికారులకు తెలియలేదు. నేడును పలువురికి తెలియదు. కుట్ర కేసులో వాదము ఎంత కష్టమో చూడుడు. పిస్తోలు పేల్చినవాడు లేడు. అతనితో మాటలాడినవాడు, ప్రమాణము చేసినవాడు, ఉత్తరము వ్రాసినవాడు, ఊరక దారిలో కలిసినవాడు, అందఱును ఒకే త్రాటికి కట్టబడి యున్నారు. పట్టుబడినవారిలో కొందరు అప్రూవర్లై సాక్ష్యము చెప్పిరి. తన ప్రాణము కాచుకొనుటకు సాక్ష్యము చెప్పువాని మాటలో నిజమెంత, కల్పన యెంత? ఎవని చేతిలో ఏది యుండెను? ఎవని మనసులో ఏది యుండెను? ఒక్కొక్క ముద్దాయిని ఆ త్రాటినుండి విడదీసి, అతనిపై విడిగా రుజువైనది ఏమని అడుగుటయే ఇట్టి కేసులలో రక్షణ పక్షపు పని.

1912లో తీర్పు వచ్చినది. న్యాయమూర్తులు ఏకాభిప్రాయులు కాలేదు. శంకరన్ నాయరుగారు వేరుగా తీర్పు వ్రాసిరి. పదునలుగురిలో తొమ్మండుగురికి శిక్షలు పడినవి. తక్కినవారు విడుదలైరి. అన్నిటికంటె పెద్ద శిక్ష నీలకంఠ బ్రహ్మచారికి పడిన ఏడేండ్ల కఠిన ఖైదు. తక్కిన శిక్షలు అంతకంటె తక్కువ. ఎవ్వరికిని ఉరిశిక్ష పడలేదు. ఎవ్వరిని ద్వీపాంతరమునకు పంపలేదు. ఒక కలెక్టరు ప్రాణము పోయిన కేసులో ఇట్టి తీర్పు వచ్చుట చిన్న విషయము కాదు. ఆ కీర్తి ఒక్క ప్రకాశముగారిదే యనుట న్యాయము కాదు. అచ్చట వాదించినవారు పలువురున్నారు. కాని తెలుగుదేశమునుండి పోయి ఆ పక్షమున నిలిచినవారిలో ఆయన పేరు ముందు చెప్పదగినది.

తరువాతి చరిత్ర పాఠకులకు కొంత తెలిసినదే గనుక త్వరగా చెప్పుదును. గాంధీజీ పిలుపు విని ప్రకాశముగారు 1921లో వేలకొలది రూపాయల ఆదాయమును వదలి న్యాయవాద వృత్తికి స్వస్తి చెప్పిరి. ఆ సంవత్సరము అక్టోబరులో స్వరాజ్య పత్రికను స్థాపించి, సంపాదించిన ధనమంతయు దానిలో పోసిరి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను కమిషనునకు వ్యతిరేకముగా మదరాసులో హర్తాళము జరుగగా పోలీసులు కాల్చిరి. చనిపోయినవాని శవమును చూచుటకు పోవుచున్న ప్రకాశముగారిని తుపాకులు అడ్డగించినవి. చొక్కా విప్పి రొమ్ము చూపిరి. తుపాకులు దిగినవి. ఆ స్థలము ఆయన ఒకప్పుడు వాదించిన హైకోర్టు భవనమునకు కూతవేటు దూరములోనే యున్నది. ఉప్పు సత్యాగ్రహమునందును, క్విట్ ఇండియా ఉద్యమమునందును చెఱసాలకు పోయిరి. 1937లో రాజాజీ మంత్రివర్గమున రెవెన్యూ మంత్రియై జమీందారీ రైతుల కష్టములను విచారించిరి.

1946లో ఆయన మదరాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రి అయిరి. ముఖ్యమంత్రిని అప్పట్లో అట్లు పిలిచెడివారు. ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. సమ్మెలతోను అలజడులతోను రాష్ట్రము ఊగుచుండిన ఆ దినములలో, 1947 జనవరిలో, ఆయన ప్రభుత్వము ప్రజాశాంతి పరిరక్షణమను పేర ఒక ఆర్డినెన్సు తెచ్చినది. దాని క్రింద కమ్యూనిస్టు నాయకులు పెక్కుమందిని విచారణ లేకయే నిర్బంధించిరి. ఒకనాడు అనుమానితుల పక్షమున నిలిచి రుజువు చూపుడని ప్రభుత్వమును అడిగినవారే, పీఠమెక్కిన పిమ్మట రుజువు లేని నిర్బంధమునకు సంతకము చేయవలసి వచ్చెను. శాంతిని కాపాడుటకు వేరు దారి లేదని ఆయన పక్షమువారు వాదించిరి. 1908లో దొరలు చెప్పినదియు ఇంచుమించు ఇదియే. మహనీయుల జీవితములను చదువువారు ఇట్టి ఘట్టములను దాటవేయరాదు.

పేలుడు పదార్థముల చట్టము మాత్రము దొరలతో పోలేదు. స్వతంత్ర భారతము దానిని అట్టిపెట్టుకొన్నది. ద్వీపాంతరవాస మను శిక్ష తొలగినది. 2001లో చట్టమును సవరించి శిక్షలను మార్చిరి. విచారణకు అనుమతి నిచ్చు అధికారము జిల్లా మేజిస్ట్రేటునకు వచ్చినది. ధర్మసమ్మతమైన కారణము చూపవలెనను అయిదవ సెక్షనులోని పట్టు మాత్రము అట్లే యున్నది. నేడును రాళ్ళగనుల యజమానుడు సరుకు తెచ్చినది ఎంత, వాడినది ఎంత, మిగిలినది ఎంత అని పుస్తకములో లెక్క వ్రాసి ఉంచుకొనును. ఆ పుస్తకమే అతని జవాబు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడగా ప్రకాశము పంతులుగారు దానికి మొదటి ముఖ్యమంత్రి అయిరి. ఒక సంవత్సరము గడచిన కొలది దినములకే ఆ మంత్రివర్గము పడిపోయినది. ఆయన మరల జనులలో కలిసిపోయిరి. చేతిలో డబ్బు లేదు. బారిస్టరుగా ఆర్జించిన లక్షలు ఎప్పుడో దేశకార్యములకు, పత్రికకు వ్యయమైపోయినవి. 1957వ సంవత్సరపు వేసవిలో, ఎనుబది నాలుగేండ్ల వయస్సున, ఒంగోలు ప్రాంతమున హరిజనవాడలు చూచుటకు మిట్టమధ్యాహ్నము తిరిగిరి. మిరపకల్లములు ఎండు ఆ ఎండ ఎట్టిదో ఈ సీమవారికి చెప్పనక్కరలేదు. వడదెబ్బ తగిలినది. హైదరాబాదు ఆస్పత్రిలో చేర్చిరిగాని కోలుకొనలేదు. మే 20వ తేదీన కన్నుమూసిరి. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాలనుండి తాలూకాలను విడదీసి ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లాను ఏర్పరచిరి. 1972లో, ఆయన పుట్టిన నూరేండ్లకు, దానికి ప్రకాశము జిల్లా యని పేరు పెట్టిరి.